పెట్టెలో దాచిన పిసరు

మట్టెవాడ జయరాజు బడిలో లెక్కల సారు, ఆదివారం చర్చిలో హార్మోనియం సారు. ఉన్నది ఉన్నట్టు వాయించుకోక, ఆ హార్మోనియం పెట్టె విప్పి, ఆకురాయితో లోపలి ఇత్తడి రీడ్లు గీకి, భార్య కృపమ్మ గొంతుకు శుద్ధంగా శ్రుతి చేశాడు. ఆమె ఐదు శ్రుతిలో పాడితే పెట్టె ఏదో, గొంతు ఏదో తెలిసేది కాదు.

కానీ లెక్కకు జాలి ఉండదు. సా నుంచి శుద్ధమైన పా, ఆ పా నుంచి దాని పా, ఇలా పన్నెండు స్వరాలూ చుట్టి వస్తే మళ్లీ సా దొరకాలి. దొరకదు, పిసరంత ఎక్కువొస్తుంది. దాన్ని ఎక్కడో ఒకచోట పడెయ్యక తప్పదు. జయరాజు దాన్ని ఆ చర్చిలో ఎవరూ పాడని ఒకటిన్నర శ్రుతిలోకి నెట్టేసి చేతులు దులుపుకున్నాడు.

ఎనభై మూడులో కృపమ్మ గొంతులో గడ్డ లేచింది. దవాఖానలో కోసి తీశారు. ప్రాణం దక్కింది గానీ గొంతు దిగి దిగి ఒకటిన్నర దగ్గర ఆగింది. రోగం నుంచి లేచినవాళ్లు సంఘం ముందు సాక్ష్యం చెప్పి కీర్తన పాడాలి. ఇంట్లో పెట్టె లేదు కాబట్టి ఉత్త గొంతుతోనే సాధన చేసింది.

సాక్ష్యం చెప్పే ఆదివారం మీట నొక్కేదాకా జయరాజుకు, పిసరును ఒకటిన్నరలోకి నెట్టిన తన నిర్వాకం గుర్తుకు రాలేదు. ఆమె పా నిఖార్సుగా అందుకుంది. పెట్టెలో పా కిందికి జారి కుక్కలా మూలిగింది.

"అయ్యో, గొంతు పాయె బిడ్డ," అంది ముందు చాప మీద కూర్చున్న సారమ్మవ్వ. కృపమ్మ చరణం మధ్యలోనే కూర్చుండిపోయింది.

"తప్పు నీది కాదు, పెట్టెది," అన్నాడు ఇంటికొచ్చాక.

"ఇన్నేండ్లు లేని తప్పు ఇయ్యాల్నే వచ్చిందా? నేను ఏడ్వకుండ ఊకుంచుతానవ్ గని."

పలక మీద లెక్క వేసి చూపించాడు. చిన్నపిల్లలకు ఊకొట్టినట్టు ఊకొట్టింది.

మర్నాడు పెట్టెను రిక్షాలో ఇంటికి తెచ్చాడు. ఈసారి ఒకటిన్నరను సాగా పెట్టుకుని రీడ్లన్నీ మళ్లీ గీకాడు. "జర ఒక్కసారి పాడు," అని బతిమాలాడు. ఆమె పాడింది. వెంట్రుకవాసి తేడా లేదు. ఆనందంతో జయరాజు కళ్లను నీళ్లు కమ్మాయి.

కృపమ్మ మాత్రం వంగి, తన పాత ఐదు శ్రుతి మీటలు నొక్కింది. ఆ పిసరు ఇప్పుడు అక్కడికి చేరింది. పెట్టె మూలిగింది.

"నా చెడిన గొంతుకు సరిపోవాలని," అంది ఏడుస్తూ, "మంచిగున్న పెట్టెను గూడ చెడగొట్టినవా?"

కాదని చెప్పడానికి జయరాజు మళ్లీ ఆ లెక్క పలకే అందుకున్నాడు.