తెల్ల అట్ట

"నీడ పడుతోంది, పక్కకు జరుగు."

పంతొమ్మిదేళ్ళ కాపురంలో మా ఆయన నాతో ఎక్కువసార్లు అన్న మాట ఇదే అయి ఉంటుంది. ఆదివారం ఉదయం, ఎండ ముదరకముందు, ధవళేశ్వరంలో మా ఇంటి ఉత్తరపు వరండాలో ఆర్కిడ్ పువ్వుకు ఫోటో తీస్తూ అనేవారు. పువ్వు వెనక నల్లగుడ్డ కట్టాలి. అది నా పాత లంగా. ఎడమపక్క తెల్ల థర్మోకోల్ అట్ట పట్టుకుని ఒకరు నిలబడాలి. అట్ట మీద పడి తిరిగొచ్చిన వెలుగు తగిలితేనే పువ్వు గొంతులోని సన్నగీతలు కనబడతాయి. లేకపోతే అక్కడ చీకటే. ఆ నిలబడే మనిషిని నేను. పొయ్యి మీద ఇడ్లీ ఉన్నా చెయ్యి కదలకూడదు. నా వేలు ఫోటోలో పడితే తరవాత కంప్యూటర్‌లో కత్తిరించేసేవారు.

రాజమండ్రి ఆర్కిడ్ క్లబ్బులో ఆ ఫోటోలకు పేరుంది. త్రిమూర్తులు గారి వెలుగు అని చెప్పుకునేవారు. వేలాడే బుట్టల్లో మొక్కలకు రోజూ బడికి వెళ్ళేముందు నీళ్ళు చల్లేది నేను. క్లబ్బు భోజనాల్లో ఎవరో మీకూ ఆర్కిడ్లంటే ఇష్టమేనా అని నన్నడిగితే, నేను నోరు తెరిచేలోగా ఆయనే, "ఆవిడకి కనకాంబరాలు చాలండి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన పోయి నలభై రెండు రోజులు. గుండెపోటు. బడిలో హాజరు వేస్తున్నాను, పాఠం చెబుతున్నాను. ఏడుపు రావడం లేదు. మొక్కలకు నీళ్ళు చల్లుతూనే ఉన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. ఆరేళ్ళ కిందట కడియం నర్సరీ నుంచి ఆయన వేలెడు మొక్కగా తెచ్చి, ఎప్పుడు పూస్తుందా అని చూసిన కాట్లియా ఆర్కిడ్ పోయిన వారం మొదటిసారి పూసింది.

క్లబ్బు అధ్యక్షులు పల్లంరాజు గారు ఫోన్ చేశారు. మా ఆయన జ్ఞాపకార్థం ప్రదర్శన పెడుతున్నారట. ఈ పువ్వు ఫోటో మధ్యలో పెట్టి, కింద ఆయన పేరే వేస్తారట. తానే వచ్చి తీస్తానన్నారు. సరేనన్నాను. అత్తయ్య మాత్రం, ఏడాది తిరగకుండా పరాయి మగాళ్ళ ముందుకు వెళ్ళకు, కాఫీ నేనిస్తాలే అంది.

ఆదివారం పల్లంరాజు గారు వచ్చి, మా ఆయన కెమెరాతోనే నాలుగు ఫోటోలు తీశారు. నాలుగింటిలోనూ పువ్వు గొంతు నల్లగానే ఉంది.

"త్రిమూర్తులు ఏదో కిటుకు చేసేవాడండి. ఎంతడిగినా చెప్పలేదు" అన్నారు.

గుమ్మం లోపల నిలబడి ఆ మాట విన్నాను. బీరువా వెనక నుంచి అట్ట తీశాను. దాని అంచున నా బొటనవేలు నొక్కీ నొక్కీ పడిన గుంట ఉంది. తీసుకుని వరండాలోకి వెళ్ళాను.

"ఓహో, ఇదా" అన్నారు పల్లంరాజు గారు. "అయితే మీరు పట్టుకోండమ్మా, నేను తీస్తాను."

"మీరు పట్టుకోండి" అన్నాను.

కాసేపు ఆయనకు అర్థం కాలేదు. తరవాత కెమెరా ఇచ్చి అట్ట తీసుకున్నారు. అత్తయ్య కాఫీ గ్లాసుతో గుమ్మంలో ఆగిపోయింది.

కళ్ళజోడు తీసి కెమెరాకు కన్ను ఆనించాను. ఇన్నేళ్ళూ పువ్వుల్ని పక్కనుంచే చూశాను, ఈ పువ్వు ఎదురుగా ఉంది. గెలిచినట్టేమీ అనిపించలేదు. నీడ పడుతోంది, కాస్త జరగండి అన్నాను. జరిగారు. కాసేపటికి చెయ్యి లాగేస్తోందండీ అన్నారు. కదలకండి అన్నాను.

ఫోటోలో ఎడమ అంచున ఆయన వేలు పడింది. కత్తిరించలేదు. సాయంత్రం క్లబ్బుకు పంపుతూ, కింద వేయాల్సిన వివరాలు కూడా రాసి పంపాను.

మొక్క తెచ్చినది: త్రిమూర్తులు. పెంచినది, ఫోటో తీసినది: కన్యక. అట్ట పట్టుకున్నది: పల్లంరాజు గారు.