విమానం ఎందుకు కూలింది

“ఇస్త్రీ నీకు అలవాటే కదా ఫణీ, ఇదీ అలాంటిదే,” అన్నాడు మోహనకృష్ణ.

ఆదివారం మధ్యాహ్నం. వారానికి సరిపడా అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. నాలుగో చొక్కా కాలరు దగ్గర ఉండగా వెనక గదిలోంచి విమానం రెక్క పట్టుకొచ్చి, నేను మడతపెట్టిన చీరల మీద అడ్డంగా పెట్టాడు. చీర అంచుకి నూనె మరక అంటింది. అతను చూశాడు. చూసి, రెక్కకి ఏమైనా అయిందేమోనని తడుముకున్నాడు.

విమానం అంటే మనుషులెక్కేది కాదు. నేల మీద నిలబడి చేతిలోని రేడియో పెట్టెతో నడిపే నమూనా. కాని బొమ్మ అంటే అతనికి కోపం. ఈ కొస నుంచి ఆ కొసకి తొమ్మిదడుగులు, పెట్రోలు ఇంజను. బదిలీ మీద రాయపూర్ వదిలి వెళ్ళిన ఒక ఆఫీసరు దగ్గర తీసుకున్నాడు. మా రైల్వే క్వార్టరులో ఉన్నవే రెండు గదులు, అందులో ఒకటి దానిది. మొదటిసారి ఎగరేసిన రోజే అది ముక్కుతో నేలని గుద్దుకుని కూలిపోయింది. పదకొండు నెలలు ఆ ముక్కల దుమ్ము దులిపాను, వాటిని దాటుకుంటూ నడిచాను. జనవరిలో ఎగరేసేవాళ్ళ క్లబ్బు మేళా ఉంది, అందులో అది ఎగరాలట. రెక్కల మీద వేసే రంగు ప్లాస్టిక్ పొర ఇస్త్రీ పెట్టె వేడికి అతుక్కుని బిగుస్తుంది. అతను రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ చిల్లులు పెట్టాడు.

“సెయ్యమ్మా, మొగుడు మనసు పడ్డాడు గదా. ఇనప్పెట్టి పట్టుకోడం కొత్తేటి నీకు?” అంది మా అత్తగారు వరహాలమ్మ, మంచం మీద నుంచి లేవకుండానే. పలాస వదిలి ముప్ఫయ్యేళ్ళయినా ఆవిడ మాట మారలేదు. హిందీ ముక్కలు మాత్రం రెండు చేరాయి. “జల్దీ అయిపోద్ది, ఎంత పని!” అంది.

పొర వేయడం ఆఖరి పని. దానికి ముందు పాత పొర ఒలవాలి, విరిగినవి అతకాలి, గరుకు కాగితంతో రుద్ది నునుపు చేయాలి. దాన్నంతా కలిపి అతను ‘మధ్యలో కాస్త రిపేరు’ అన్నాడు. ఆ కాస్తకి రెండున్నర నెలలు పట్టింది, నాకు.

పాత పొరని వేడిచేసి లాగితే కమిలిన చర్మంలా సాగుతూ ఊడొచ్చేది. లోపలి చెక్క ఇంజను నూనె పీల్చుకుని నల్లగా, బంకగా, ఎలక చచ్చినట్టు కంపు కొట్టేది. థిన్నరు గుడ్డతో తుడిచి, నా టాల్కం పౌడరు చల్లి ఆ నూనెని లాగించేదాన్ని. ఎన్నిసార్లు కడిగినా గోళ్ళ కింద నలుపు పోయేది కాదు. అన్నం కలిపితే ముద్దలో థిన్నరు వాసన. అదే అన్నం అతనికి వడ్డిస్తే “చేతులు సరిగా కడుక్కో” అనేవాడు, తన వేళ్ళకున్న గ్రీజు నా తువ్వాలుకి తుడుచుకుంటూ.

ఆ గోళ్ళతోనే సోమవారం ఉర్లా వెళ్ళేదాన్ని. ఇనప షెడ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో డ్రాయింగు సెక్షన్ నాది. డిప్లొమా చదివి తెచ్చుకున్న ఉద్యోగం. గుర్తింపు కార్డు మీద ‘డ్రాఫ్ట్స్‌మన్’ అనే ఉంటుంది. ఆర్డర్లిచ్చే పార్టీలు వచ్చినప్పుడు మా మేనేజరు నేను గీసిన డ్రాయింగుని బల్ల మీద పరిచి, “హమ్‌నే ఐసా సోచా హై,” అని అంతా తనే ఆలోచించినట్టు మొదలుపెట్టి, మధ్యలో నా వైపు తిరిగి “మేడమ్, జరా చాయ్ బోల్ దీజియే” అంటాడు. చాయ్ చెప్పి వచ్చి గోడ పక్కన నిలబడేదాన్ని. అతను నా కొలతల్ని తప్పుగా వివరిస్తుంటే పెదవి కొరుక్కుని వినేదాన్ని.

నిజం చెప్పాలి. విమానం పని నాకు నచ్చింది. విరగని రెక్కలోపల చేపముల్లులా వరసగా ఉన్న పలకల్ని కాగితం మీద గీసుకుని, అట్టకన్నా తేలికైన బాల్సా చెక్కలో అలాంటివే కోశాను. రెక్క పొడవునా ఉండే వెన్నుచెక్క విరిగితే దాన్ని ఏటవాలుగా కోసి అతికాను. సూటిగా అతికితే మళ్ళీ అక్కడే విరుగుతుంది. అతికిన చోట వేలు పెట్టి రాస్తే అతుకు తెలియనప్పుడు లోపల ఏదో పొంగేది. వెంటనే ఆ సంతోషం మీదే రోత పుట్టేది. ఈ ఇంట్లో నా చేతులకి ఇష్టమైన పని దొరకాలంటే అతని సరదా ఒకటి విరగాలి.

అది కూలిన రోజు నాకు మూడో నెల. అదీ ఆదివారమే. అతను పొద్దున్నే విమానం వేసుకుని కొత్త రాయపూర్ వైపు ఖాళీ మైదానానికి వెళ్ళాడు. అత్తగారు భిలాయిలో చుట్టాలింటికి వెళ్ళింది. పదకొండింటికి బట్టలు ఆరేస్తుంటే కాళ్ళ మీదుగా వెచ్చగా కారింది. బాత్రూం నేల మీద కూర్చుని అతనికి ఫోన్ చేశాను. నాలుగుసార్లు. ఎత్తలేదు. పక్క క్వార్టరులో ఉండే సుగుణక్క, నర్సు, అప్పుడే డ్యూటీ దిగి వచ్చి యూనిఫాం కూడా విప్పకుండా నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మూడింటికి వచ్చాడు మోహనకృష్ణ. మోకాళ్ళ దాకా మట్టి. “ఎగురుతుండగా నీ ఫోన్ మోగింది. ఒక్క సెకను చూపు తిప్పాను, పోయింది,” అన్నాడు. పోయింది అంటే విమానం అని నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు.

తర్వాత అదే మాట ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు, నవ్వుతూ. “మా ఆవిడ ఒక్క ఫోన్‌తో విమానం కూల్చింది.” అత్తగారైతే నవ్వకుండానే అంది: “కడుపు మళ్ళీ పండుతాది. అలాటి యిమానం మళ్ళీ దొరుకుతాదేటి?” ఒక మాట నమ్మడానికి ఏళ్ళ తరబడి వినక్కర్లేదు, పదకొండు నెలలు చాలు. నేనూ నమ్మాను. బిడ్డని నిలుపుకోలేదు, ఆయన విమానాన్నీ పోగొట్టాను అని, ఆ ముక్కలు తుడిచేటప్పుడల్లా అనుకునేదాన్ని.

డిసెంబరులో తోక పని పట్టుకున్నాను. తోక చివర పైకీ కిందికీ ఆడే పలక ఒకటుంటుంది. ముక్కు లేవాలన్నా దిగాలన్నా అదే ఆధారం. తలుపుకున్నట్టే దానికీ చిన్న చిన్న మడతబందులు. చెక్కలో చీలిక కోసి, జిగురు పెట్టి వాటిని దూర్చాలి. రెక్కల బందులు పాత ఆఫీసరు పెట్టినవి, చెక్క పగిలినా అవి ఊడలేదు. తోకవి నాలుగు. రెండు అప్పటికే ఊడి వేలాడుతున్నాయి. మిగతా రెండూ వేళ్ళతో పట్టుకోగానే వచ్చేశాయి. చీలికల్లో జిగురు చుక్క లేదు. చెక్క తెల్లగా, కోసినప్పటిలాగే ఉంది. అవి ఎగరేసే ముందురోజు మోహనకృష్ణ మార్చిన కొత్త బందులు. క్రికెట్ మొదలైందని సగంలో లేచి, తర్వాత వచ్చి పైన పొర అతికించేశాడు. నాకు బాగా గుర్తుంది. గాల్లో పలక ఊడిపోయింది. నేను ఫోన్ చేసినా చేయకపోయినా ఊడేది.

బందులు అరచేతిలో పెట్టుకుని అతని దగ్గరికి వెళ్ళాను. “తోక బందులకి జిగురు లేదు.”

అతను వాటి వైపు చూడలేదు. “కొత్తవి పెట్టి గట్టిగా అతికెయ్.”

“ఇవి మీరు పెట్టినవి.”

“అరె, ఇప్పుడవన్నీ ఎందుకే? అయిపోయింది కదా,” అని టీవీ సౌండు పెంచాడు.

అతని చెవులు ఎర్రబడ్డాయి గాని మొహంలో ఆశ్చర్యం లేదు. అతనికి తెలుసు. మైదానంలో ముక్కలు పోగుచేసిన రోజే తెలుసు. తెలిసే ఆసుపత్రి మంచం పక్కన నిలబడి నా ఫోన్ వల్లే అన్నాడు. పెరట్లోకి వెళ్ళి నీళ్ళ కుళాయి దగ్గర గోళ్ళ కింద నలుపుని చాలాసేపు రుద్దాను.

అయినా తోక సరిగ్గానే చేశాను. దాన్ని మళ్ళీ కూల్చడం ఎలాగో నాకు తెలుసు. కాని అది ఎవరి నెత్తి మీద పడుతుందో తెలియదు. అదీగాక, అప్పటికి అందులో ఉన్న పనంతా నాది. నీలం పొర, రెక్కల కొసలకి పసుపు పట్టీలు, ఎక్కడా ఒక్క ముడత లేకుండా వేశాను.

మేళా రోజు అది ఎగిరింది. మైదానం చుట్టూ నాలుగుసార్లు తిరిగి, తలకిందులై, మళ్ళీ నిలదొక్కుకుని దూదిలా దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. క్లబ్బులో పెద్దాయన ఉమేష్‌జీ వచ్చి కళ్ళజోడు సవరించుకుని రెక్కని వేలితో రాసి చూశాడు. “కమాల్ కా కామ్ హై. కిస్‌నే బనాయా?” అని ఎవరు చేశారో అడిగాడు.

“మైఁనే, సర్, నేనే,” అన్నాడు మోహనకృష్ణ. “ఇస్త్రీ మాత్రం మిసెస్. ప్రాయశ్చిత్తం అనుకోండి. పోయినసారి ఫోన్ చేసి కూల్చింది ఈవిడే.”

అందరూ నవ్వారు. ఉమేష్‌జీ భార్య కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఫోన్ వల్ల కూలలేదు,” అన్నాను హిందీలో, అందరికీ వినబడేలా. “తోక బందులకి ఈయన జిగురు పెట్టలేదు. విప్పి చూసింది నేను. మళ్ళీ కట్టిందీ నేనే.”

ఉమేష్‌జీ తోక దగ్గర వంగి పలకని అటూ ఇటూ ఆడించాడు. మోహనకృష్ణ పళ్ళ బిగువున తెలుగులో అన్నాడు: “నోర్ముయ్. ఇంటికి పద.”

“ఒక్కటి చెప్పండి,” అన్నాను నేనూ తెలుగులోనే. “మీ మాట ప్రకారమే మొదటి ఫోన్‌కి కూలిపోయింది. నేను నాలుగుసార్లు చేశాను. మిగతా మూడుసార్లు ఏం చేస్తున్నారు?”

నిజంగానే ఆలోచించాడు. అబద్ధం ఆడాలని కూడా తోచలేదు.

“ముక్కలు ఏరుకుంటున్నా,” అన్నాడు.

తిరుగుదారిలో వ్యాను అతనే నడిపాడు. వెనక విమానం, ముందు మేమిద్దరం. చాలాసేపు పరువు గురించి మాట్లాడాడు. పండరీ బజారు దగ్గరికి వచ్చేసరికి గొంతు మెత్తబడింది. నూనె చెయ్యి నా మోకాలి మీద వేసి, “పోనీలే, ఛోడో. ఇక ఈ గొడవ వదిలేసి పిల్లల సంగతి చూద్దాం. అమ్మ కూడా తొందరపడుతోంది,” అన్నాడు. ఆ చేతి కింద నా చర్మం జలదరించింది. చేతిని తీసి గేరు కడ్డీ మీద పెట్టాను.

సిగ్నల్ పడింది. తలుపు తీసుకుని దిగాను.

“ఎక్కడికి?”

“శంకర్ నగర్. ఆడవాళ్ళ హాస్టల్లో మంచం ఖాళీ ఉంది. డిసెంబరులోనే అడిగి పెట్టుకున్నాను.”

“పిచ్చెక్కిందా? పిల్లలు వద్దా నీకు?”

“కావాలి,” అన్నాను. “మీ బిడ్డ వద్దు.”

పచ్చ దీపం వెలిగింది. వెనక బండ్లన్నీ ఒక్కసారిగా హారన్లు కొట్టాయి. అతను ముందుకు కదలక తప్పలేదు.