నీలం కాగితాలు

లెనోరా చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తూ సినిమా కాగితాల్లోని హంతకుడి మాటలు పైకి చదువుతోంది. బర్‌బ్యాంక్‌లోని స్టూడియోల పక్కనున్న ఆ వంటింట్లో ఇరవై రెండేళ్ళుగా ఆమె హంతకురాలైంది, నాయికైంది, గుర్రాల దొంగైంది. ఎదురుగా కూర్చున్న ఆమె మొగుడు ఆర్లిస్ ప్రాట్ మాత్రం జడ్జీ, లేకపోతే షెరీఫ్. సినిమాకి నాలుగు మాటలు. జనం రోడ్డు మీద అతని మొహం గుర్తుపడతారు, పేరు మాత్రం ఎవరికీ తెలీదు. ఆ నాలుగు మాటలైనా ఆమె అందిస్తేగానీ అతని నోట నిలవవు.

పెళ్ళికి ముందు ఆమెదీ నాటకాల బతుకే. "ఒకే ఇంట్లో ఇద్దరూ వేషాలు కడితే పొయ్యి ఎవరు వెలిగిస్తారమ్మా?" అని అత్తగారు నవ్వుతూనే అడిగింది. నవ్వుతూ అన్నమాటకి ఎదురు చెప్పడం ఎవరి తరం? పొయ్యితోపాటు ఫోనూ ఆమె పాలబడింది. స్టూడియో నుంచి పిలుపు ఎప్పుడొస్తుందో తెలీదు, ఎత్తేవాళ్ళు లేకపోతే వేషం ఇంకొకడికి పోతుంది. అందుకని పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ ఫోన్ని ఒంటరిగా వదలకూడదు. తల్లిని పూడ్చిన రోజు కూడా, "రెండింటికల్లా వచ్చెయ్ నోరా" అన్నాడు ఆర్లిస్. వచ్చేసింది.

పోయిన మంగళవారం పంటినొప్పి ఓర్చుకోలేక ఒక్క పూట డాక్టరు దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆర్లిస్ ఈల వేస్తున్నాడు. "వేషం తగిలింది నోరా! అద్దెగదుల యజమాని!"

ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నవి ఆ కాగితాలే. మొదట రాసినవి తెల్లవి, తర్వాత మార్చినవి నీలం. తెల్లవి ఏరి పారెయ్యడం కూడా ఆమె పనే. తియ్యబోయిన తెల్లకాగితం మీద నటుల పేర్ల మధ్య 'యజమానురాలు: లెనోరా ప్రాట్' అని టైపు చేసుంది. పోయిన నెల భోజనానికొచ్చిన దర్శకుడు గుర్తొచ్చాడు. వంటింట్లోంచి ఆమె మాటలందిస్తుంటే ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా విన్నాడు.

"ఇదేంటి ఆర్లిస్?"

అతను కాగితం వైపు చూసి, కాఫీ కప్పు వైపు చూశాడు. "నీకు పిలుపొచ్చినప్పుడు నువ్వు ఇంట్లో లేవుగా. ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడేం చేస్తుంది పాపం అన్నాను. ముసలమ్మ బదులు ముసలాణ్ణి పెడితే ఏం పోయిందని నేనే చెప్పాను. నీకు శ్రమ తప్పించాను. దానికింత రాద్ధాంతమా?"

ఆమె ఏ రాద్ధాంతమూ చెయ్యలేదు. పన్ను పీకినచోట నాలుక పెట్టుకుని నిలబడింది.

"సరే, అందించు. హత్య చేసిన ఆ కుర్రాణ్ణి పోలీసులు పట్టుకుపోతున్నారు, నేను గుమ్మంలో ఉన్నాను" అని అతను గొంతు సవరించుకున్నాడు. "నీ గది ఎవరికీ ఇవ్వను!" షెరీఫ్ హుకుంలా ఉంది. మళ్ళీ అన్నాడు. మూడోసారి మాటే మర్చిపోయి ఆమె వైపు చూశాడు.

ఇరవై రెండేళ్ళ అలవాటు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నీ గది ఎవరికీ ఇవ్వనురా అబ్బాయ్."

మెల్లగా అంది. తన గది ఎప్పుడో పోయిందని తెలిసీ అంది.

ఆర్లిస్ కళ్ళు మెరిశాయి. "అదీ! అలాగే అనాలి! ఇంకోసారి అను, పట్టుకుంటాను."

ఇంకొక్కసారి వింటే అతనికి చాలు. రేపు కెమెరా ముందు అచ్చం అలాగే అంటాడు, హాల్లో జనం కళ్ళు తుడుచుకుంటారు. అదంతా ఆమెకి తెలుసు.

రెండోసారి మాత్రం అనలేదు.