పైకి పడిన రాయి

మా మామగారు ముప్ఫై ఏళ్ళ కిందట ధ్రువ సముద్రం అడుగు నుంచి ఒక గొట్టం నిండా బురద పైకి తీయించారు. అప్పటినుంచి మా ఇంటిల్లిపాదీ ఆ బురద మీదే బతుకుతున్నాం. దానివల్ల ఆయన పెద్ద శాస్త్రవేత్త అయ్యారు. నేను ఆయన దగ్గర చదువుకోవడానికి వచ్చి, ఆయన కొడుకుని చేసుకుని, అదే ప్రయోగశాలలో అదే బురదను జల్లెడ పడుతున్నాను. మా ఆయన తెలివైనవాడు, పళ్ళ డాక్టరయ్యాడు.

బురదలో మేం వెతికేది రాళ్ళని. నేల మీది మంచు కదులుతూ రాళ్ళను కరుచుకుని సముద్రంలోకి వస్తుంది. అక్కడ విరిగి, మంచుకొండలై తేలుతూ కరుగుతుంది. రాళ్ళు అడుక్కి రాలతాయి. ఏ పొరలో రాళ్ళు ఎక్కువుంటే ఆ కాలంలో మంచు అంతగా విరిగిందని లెక్క. మామగారి గొట్టంలో, అడుగునున్న పాత పొరల నుంచి పైకి వస్తుంటే, రాళ్ళు ముందు ఒకటీ అరా కనిపించి, కొంచెం కొంచెంగా పెరిగి, చివరికి ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆగాయంటే విరగడానికి ఇక మంచు మిగల్లేదని, అలా మొత్తం కూలిపోయే ముందు వందల ఏళ్ళపాటు అది సూచనలిచ్చిందని ఆయన తేల్చారు. "మంచు చెప్పి పోతుంది" అన్న మాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

"ఈయన జన్మలో ఎక్కడికీ చెప్పి వెళ్ళలేదు. మంచు మాత్రం చెప్పి వెళ్తుందట," అని అత్తయ్య ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది.

ఆ మాట మీదే ఈ ఏడు మాకు ఓడ ఖాయమైంది. మంచు ఎన్నేళ్ళ ముందు చెబుతుందో గట్టిగా తేల్చడానికి అదే చోటికి వెళ్ళి ఇంకొన్ని గొట్టాలు తీయాలి. ఆ ప్రయాణానికి పెద్దని నేనే. ఇన్నేళ్ళుగా ఆ సముద్రం బురదను గోళ్ళలోంచి కడుక్కుంటున్నానే గానీ, ఆ సముద్రాన్ని చూసిన పాపాన పోలేదు. మొదటిసారి నా పేరు వచ్చినప్పుడు కడుపుతో ఉన్నాను. రెండోసారి ఇంజను చెడిపోయింది. ఇప్పుడు ఈ ఓడకి ఇదే ఆఖరి ప్రయాణం, తిరిగొచ్చాక తుక్కు కింద కోసేస్తారు. కొత్తది కడతారో లేదో కట్టాల్సినవాళ్ళకే తెలీదు. అందుకని మందపాటి బూట్లు కొనుక్కుని, కాలికి అలవాటు కావాలని ఇంట్లో వేసుకు తిరుగుతున్నాను. ఆ చప్పుడుకి అత్తయ్య పైకి ఏమీ అనదు, టీవీ గొంతు పెంచుతుంది.

బయల్దేరే ముందు పాత గొట్టాన్ని కొత్త ఎక్స్‌రే యంత్రంలో పెట్టి ఫొటోలు తీద్దామనుకున్నాను. గొట్టం ఓడ మీదికి రాగానే దాన్ని రంపంతో మీటరు ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్కకీ పైవైపు నీలం మూత, కిందివైపు తెల్ల మూత బిగిస్తారు. తర్వాత నిలువునా చీల్చి, ఒక సగం పరీక్షలకి వాడుకుని, రెండో సగం చల్లగదిలో దాస్తారు. దాచిన సగాన్ని అప్పటినుంచీ ఎవరూ ముట్టుకోలేదు.

నాలుగో ముక్క ఫొటోలో, బురద లోపల, నిమ్మకాయంత రాయి కనిపించింది. మెత్తటి బురద మీద రాయి పడితే కింది పొరలు నొక్కుకుపోతాయి, పరుపు మీద మనిషి కూర్చున్నట్టు. తర్వాత వచ్చే పొరలు దాన్ని పైనుంచి కప్పుతాయి. ఇక్కడ నొక్కు రాయికి పైన ఉంది, కప్పు కింద ఉంది. అంటే రాయి అడుగు నుంచి లేచి పైకి పడింది.

రాళ్ళు అలా పడవు. ముక్కే తలకిందులుగా ఉంది. ఆనాటి గాలివానలో, మొద్దు చేతితొడుగులతో, ఎవరో నీలం మూత పెట్టాల్సిన చోట తెల్లది బిగించేశారు.

ఏ లోతులో ఎన్ని రాళ్ళున్నాయో చూపే గీతను ముద్రించి, నాలుగో ముక్క వరకు కత్తెరతో కత్తిరించి తిప్పి పెట్టాను. దీని కింది ముక్క పైభాగంలో ఒక రాళ్ళ గుట్ట ఉంది. అది దారితప్పి వచ్చిన ఒంటరి మంచుకొండ పని అని మామగారు ఒక్క పేరాలో సర్దేశారు. ఆ గుట్ట వచ్చి దీనికి అతికింది. పైన గీత సన్నగా తగ్గుతూ పై ముక్కలోకి జారిపోయింది. ఎక్కడా అతుకు కనబడలేదు. రాళ్ళు ఒక్కసారిగా కుప్పగా మొదలై, తర్వాత మెల్లగా తగ్గాయి. ముందస్తు సూచన అంటూ ఒక్కటీ లేదు. మంచు చెప్పకుండా పోయింది.

అసలు పాత గీతలో రాళ్ళు ఆగింది సరిగ్గా గొట్టాన్ని కోసిన చోటే. భూగోళం వాతావరణం మా రంపం గాటు చూసుకుని మారిందని మేమంతా నమ్మాం. దాని మీద డాక్టరేట్లు కూడా వచ్చాయి.

మామగారు రిటైరైనా ప్రయోగశాలలో తన గది ఖాళీ చెయ్యలేదు. చెయ్యమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఫొటో పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాను.

"ఇది చూడండి మామయ్యా."

ఆయన దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టుకుని చూశారు. తర్వాత తలకిందులుగా తిప్పి చూశారు. అలా పట్టుకుంటే అంతా సవ్యంగానే ఉంది.

"యంత్రం బాగానే పనిచేస్తోందా?"

"చేస్తోంది."

"ఎవరికైనా చూపించావా?"

"మీకే."

కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఓడ వచ్చే నెలేగా అమ్మాయ్. తొందరేముంది, వెళ్ళొచ్చాక చెబుదువుగానిలే. ఎలాగూ కొత్త గొట్టాలు తీస్తావు, తప్పుంటే అవే చెబుతాయి."

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, దానికి ఎదురుచెప్పాలన్న ఆలోచనే నాకు తట్టలేదు. రెండు రోజులు బూట్లేసుకుని హాయిగా తిరిగాను.

తర్వాత ఓడ కమిటీకి ఆఖరి పత్రం పంపాల్సి వచ్చింది. అందులో మొదటి వాక్యం: "మంచు కూలే ముందు సూచనలిస్తుంది గనక." ఆ వాక్యం రాసింది నేనే, అది అబద్ధమని తెలిసిందీ నాకే. ఎంతసేపు కూర్చున్నా చెయ్యి ఆడలేదు. చివరికి పత్రానికి బదులు ఫొటో పంపాను. ఇలాంటివి చేశాక మనసు తేలికపడుతుందంటారు. నేను వెళ్ళి బాత్రూములో ఏడ్చాను.

కమిటీ మీటింగుకి మామగారు కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. చైర్మన్ ముందు బిస్కెట్ల ప్లేటు ఉంది.

"అంటే మీకు ఓడ అక్కర్లేదంటారు," అన్నాడు.

"కావాలి."

"మీరు చెప్పిన కారణం పోయిందిగా."

"కొత్త కారణం ఇంకా పెద్దది కదండీ. మంచు చెప్పకుండా పోతుందంటే..."

"పెద్దదే, కాదన్లేదు. కొత్త దరఖాస్తు పెట్టుకోండి."

"ఏ ఓడకి?"

చైర్మన్ బిస్కెట్ తీసుకున్నాడు.

ఓడని చేపలు లెక్కపెట్టేవాళ్ళకి ఇచ్చారు. వరసలో మా వెనక ఉన్నది వాళ్ళే, అందులో వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళ నాయకుడు బయట నా చెయ్యి పట్టుకుని ఊపి, అక్కడ చలి ఎలా ఉంటుందని అడిగాడు. నాకు తెలీదండీ అన్నాను.

నేనూ మామగారూ బస్ స్టాపులో నిలబడ్డాం. మీటింగులో ఆయన కిమ్మనలేదు. ఇప్పుడు రోడ్డు వైపు చూస్తూ, "ఆ కోత దగ్గర నాకు అప్పుడే అనుమానం వచ్చింది," అన్నారు.

నేను ఆయన వైపు తిరిగాను.

"సరిగ్గా కోసిన చోటే రాళ్ళు ఆగిపోతే ఎవరికైనా వస్తుంది. మీ అత్తయ్య తమ్ముడు అప్పట్లో ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. ముక్క పట్టుకెళితే క్షణంలో తేలిపోయేది."

"పట్టుకెళ్ళలేదు."

"లేదు. తేలిపోతే మళ్ళీ ఓడ ఇచ్చేవాళ్ళు కాదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. గొంతు మాత్రం మామూలుగానే వచ్చింది. "మొత్తం ఎన్నిసార్లు వెళ్ళారు మామయ్యా?"

"ఐదు."

"నేను ఒక్కసారీ వెళ్ళలేదు."

"అందుకే ఆగమన్నాను. నీకు ఒక్కటైనా దక్కాలని."

ఆ మాటలో కల్తీ లేదు. నేనంటే ఆయనకి ప్రాణమని నాకు తెలుసు. తనకోసం ఇన్నేళ్ళు నొక్కిపెట్టిన మనిషి, నాకోసం ఇంకొన్నాళ్ళు నొక్కిపెడదామనుకున్నారు. ఇంతకన్నా ఎక్కువగా నన్నెవరూ ప్రేమించి ఉండరు. ఆయన మొహం చూడాలనిపించలేదు.

బస్సు వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంటే చెయ్యందించాను, పట్టుకుని ఎక్కారు. కిటికీ పక్క సీటు ఎప్పుడూ ఆయనకే వదిలేస్తాను. ఆ రోజు నేనే కూర్చున్నాను.