నాలుగు పొరల ముక్క

"ఆ వంకరది బాగోదు, ఉంచీ," అన్నాడు ప్రవీణ మొగుడు సూర్యారావు. మేకుకు వేలాడుతున్న గుడ్డముక్కల్లో తిన్నగా ఉన్న రెండింటినీ తీసి, ఆమె కట్టిన టిఫిను డబ్బాతో పాటు సంచిలో వేసుకుని డ్యూటీకి పోయాడు. ఎందుకని అడిగితే ఏదో పనుందన్నాడు.

ప్రవీణ సెమిలిగుడలో ఇంట్లోనే లారీ టార్పాలిన్లు, ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర వేసుకునే చేతి తొడుగులు కుడుతుంది. మందపు గుడ్డలు ఒకదాని మీద ఒకటి వేసి కుడితే, కింది పొరను సూది కిందుండే మిషను పళ్లు లాక్కుపోతాయి, పై పొర చివర మిగిలిపోతుంది. ఎంత మిగులుతుందో ముందే తెలిస్తే అంతా సరిగ్గా కత్తిరించుకోవచ్చు. అందుకే రెండేళ్లుగా, వంటా అంట్లూ పోగా మిగిలిన కాసేపట్లో ముక్కలు కుట్టి కొలుస్తోంది. బారెడు కుట్టుకి రెండు పొరలైతే ఒక వేలి వెడల్పు మిగులు, మూడైతే రెండు వేళ్లు. వానల్లో చెమ్మ పట్టిన గుడ్డకి లెక్కే వేరు. "పీలికలకి పూజ సేస్తంది మా కోడలు," అని అత్త పైడితల్లి వీధిలో చెప్పి నవ్వేది. సూర్యారావు నవ్వను కూడా నవ్వలేదు, చూస్తే కదా.

వారం తిరక్కుండా అతను ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఫ్యాక్టరీలో కొత్త ఉపాయాల పోటీ అట. 'మందపు గుడ్డల కుట్టుకు మోడల్' అన్న పేరు కింద అతని పేరు, దాని కింద ఆమె ముక్కల కొలతలతో గీసిన గీత. "ముక్కలు నావి కదండి," అంది.

"కంప్యూటర్లో గీత గీసింది నేనే కదే," అన్నాడు.

గీత చివర 'నాలుగు పొరలు: మూడు వేళ్లు' అని ఉంది. పేరు పోయినదానికంటే ఆ తప్పే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. అది నమ్మి తొడుగు కుడితే కాలేది ఎవరి చెయ్యో.

"నాలుగు పొరలది కుట్టి సూసేరా?"

"కుట్టడమెందుకు? ఒకటి, రెండు, మూడు. సిన్నపిల్లలు సెప్తారు."

ప్రవీణ మేకు మీది వంకర ముక్క తెచ్చింది. "నాలుగు పొరలయ్యేసరికి పళ్లకి లాగే సత్తువుండదండి. కుట్లు దగ్గరపడిపోయి ముక్క వంగిపోద్ది." రెండు కొసలూ పట్టి లాగింది. దారం పుటుక్కున తెగింది.

సూర్యారావు ల్యాప్‌టాప్ మూసేశాడు. "రేపు ఆఫీసర్ల ముందర నాలుగు పొరలదే కుట్టి సూపించాల. ఎలా కుట్టాలో కాయితం మీద రాసీ."

"నేనే వచ్చి కుడతాను. గేటు కాడ పాసు రాయించండి."

"సరే. సూర్యారావు భార్య, హెల్పరని రాయిస్తాను."

రెండేళ్లూ ఏం చేశానని తనను తానే ప్రశ్నించుకుంది ప్రవీణ. హెల్పరు పని మాత్రం కాదు.

"ఆ మొదటి పేజీలో మీ పేరు తీసి నా పేరు పెట్టండి. పాసూ ఆ పేరుతోనే తెండి. లేదంటే మూడు వేళ్లే సూపించుకోండి."

"నలుగుర్లో నా పరువేటవుద్దే?"

ప్రవీణ వంకర ముక్కను మడిచి తన సంచిలో పెట్టుకుంది.

"అదీ నన్నే కొలిసి సెప్పమంటారా?"