ఏడో సీసా

అప్పుడే ఊది ఆర్పిన కొవ్వొత్తి వాసన.

గదిలో కొవ్వొత్తి లేదు. అగ్గిపెట్టె లేదు. తెల్లటి బల్ల, దాని మీద పన్నెండు సీసాలు, కిటికీలోంచి పొద్దుటి ఎండ... అంతే.

పరీక్షకు వచ్చే పెద్దవాళ్ళు ఆమెను సీసాలమ్మాయి అంటారు. నలభై ఆరేళ్ళొచ్చినా అమ్మాయే. పేర్లు గుర్తుండనివాళ్ళు పెట్టిన పేరు కాబట్టి ఆమెకు ముద్దు.

మతిమరుపు జబ్బు చాలామందిలో ముందు ముక్కు దగ్గరే మొదలవుతుంది. పిల్లల పేర్లు పోకముందే వాసనలు పోతాయి. ఎంత తొందరగా కనిపెడితే మందు అంత పనిచేయవచ్చు — చేయవచ్చు అనే అంటారక్కడ, చేస్తుందని ఎవరూ నోరు జారరు.

అందుకే సీసాలు. లవంగం. సబ్బు. నారింజ తొక్క. కిరసనాయిలు.

ఏడోదానిలో ఉత్త నీళ్ళు.

ఊహించి చెప్పేవాళ్ళు ఆ సీసా దగ్గర దొరికిపోతారు. “ఏమీ లేదు” అన్నదే సరైన జవాబు.

రోజూ మొదటి మనిషి రాకముందే సీసాలన్నీ ఆమె వాసన చూడాలి, తరువాత డాక్టరుగారు చూడాలి, ఇద్దరి మాటా పుస్తకంలో రాయాలి. అది ఆ గది పద్ధతి. ఆమెకు మాత్రం అది పద్ధతి కాదు. అమ్మమ్మకు ఆ జబ్బు డెబ్బైలో వచ్చింది. అమ్మకు అరవైలో వచ్చింది. ఏడో సీసా మూత తీసి “ఏమీ లేదు” అని రాసుకున్న ప్రతి ఉదయం ఆమెకు ఇంకొక రోజు దొరికినట్టే.

ఆ వాసన మాట మొదట అన్నది రిటైరైన రైలు డ్రైవరు. లవంగానికి తల అడ్డంగా ఊపాడు. సబ్బుకీ అంతే. ఏడోదాని దగ్గర ఆగిపోయాడు.

“కొవ్వొత్తి ఎవరార్పారమ్మా?”

ఆమె నవ్వుకుని రాసుకుంది.

తరువాతి వారం ఒక దర్జీ. ఆపైన లెక్కల టీచరు. ఒకరి ముఖం ఒకరు ఎరగరు.

అదే సీసా. అదే కొవ్వొత్తి.

సీసా మార్చింది. మూత మరిగించింది. చివరికి నీళ్ళు కూడా పారబోసి ఖాళీది పెట్టింది.

“ఇప్పుడే ఆరింది. పొగ ఇంకా పోలేదు,” అంది ఒక ముసలావిడ, తలుపు వైపు చూస్తూ.

అందరూ తలుపు వైపే చూస్తారు...

ఆ తరువాత, జబ్బు ఎంత ముదిరిందో చూసే పరీక్షకు, అమ్మ వచ్చింది.

పాలు విరగబోతున్నాయని ముందు గదిలోంచే చెప్పగల ముక్కు అమ్మది. ఆ ముక్కుకు భయపడి ఆమె కాలేజీ రోజుల్లో ఒక్క సిగరెట్టయినా కాల్చలేదు. సొంతవాళ్ళను సొంతవాళ్ళు పరీక్షించకూడదు కాబట్టి సీసాలు డాక్టరుగారు పట్టుకున్నారు. ఆమె వెనక కూర్చుని రాసింది.

లవంగం... లేదు. నారింజ... లేదు. కిరసనాయిలు కూడా లేదు.

ఏడోది.

అమ్మ ముఖం విప్పారింది.

“మా అమ్మే. ఎప్పుడూ ఇంతే... అందరూ పడుకున్నారనుకుని ఆర్పేస్తుంది.”

అమ్మ తలుపు వైపు చూడలేదు. వెనక్కి తిరిగింది. చాలా నెలల తరువాత కూతుర్ని కూతురిగానే చూసింది.

“నువ్వింకా మేలుకునే ఉన్నావేమే?”

ఆమె చేతిలో కలం ఆగిపోయింది. భయం వేసింది. అమ్మ గుర్తుపట్టినందుకు సంతోషం కూడా వేసింది, అదే ఇంకా భయం.

అది నిన్న.

ఈ ఉదయం ఆమె లవంగం సీసా ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది. పాతబడి ఉంటుంది, అనుకుంది.

డాక్టరుగారు అదే సీసా అందుకుని రెండుసార్లు తుమ్మారు. “అబ్బ, ఏం ఘాటమ్మా! చచ్చినవాణ్ణి లేపుతుంది.”

సబ్బు. నారింజ. కిరసనాయిలు. ఒకదాని తరువాత ఒకటి, గాజు చల్లదనం మాత్రమే పెదవికి తగిలింది.

ఏడోది ఆయనే ముందు చూశారు.

“ఏమీ లేదు. నీదీ చూసి రాసెయ్, అమ్మాయ్. బయట మనుషులొచ్చేశారు.”

ఆమె మూత తీసింది.

పుస్తకంలో ఆయన పేరు పక్కన “ఏమీ లేదు” అని ఉంది. తన పేరు పక్కన తెల్లగా ఉంది. కలం ఆనించింది. నిన్నటిదాకా ఎన్ని వందలసార్లో రాసిన రెండు మాటలు... చేయి కదలడం లేదు.

తలుపు వైపు చూడకూడదనుకుంది.

చూసింది.

మూసిన తలుపు. తెల్లటి బల్ల. కిటికీలోంచి పొద్దుటి ఎండ.

ఆ ఎండలో ఎవరో, చాలా మెల్లగా, పిల్లలు లేవకుండా కొవ్వొత్తి ఊదినట్టు —