కోళ్ళు దిగే తలుపు

నేను ఒక బస్సు తలుపుని. ఇనుప చట్రానికి రేకు తొడిగి, ఎర్రరంగు పూసి, నడుమ "ఫుట్‌బోర్డు ప్రయాణం ప్రమాదకరం" అని రాసి నన్ను రోడ్డు మీదికి వదిలారు. ఆ అక్షరాలకు వీపు ఆనించి వేలాడినవాళ్ళే ఎక్కువ. మనుషుల సంగతి నాకు అక్కడే తెలిసింది. కింద ఉన్నంతసేపూ "కాస్త జరగండి బాబూ, బోలెడు చోటుంది" అంటారు. ఒక కాలు లోపల పడగానే "ఇంకెక్కడ చోటండీ, తలుపెయ్యండి" అంటారు.

బస్సు ముసలిదయ్యాక దాని ముక్కలు తలో దారీ పట్టాయి. నేను అమలాపురంలో ఒక పాత ఇనుము కొట్టుకు చేరి, గోడకు చేరగిలబడి తుప్పు పడుతూ ఉండిపోయాను. అక్కడే నన్ను మంగతాయారు చూసింది.

ఆవిడ బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా జనం మధ్య గడిపి ఇంటికొచ్చేసరికి ఆ నిశ్శబ్దం పడలేదు. పెరట్లో కోళ్ళను పెట్టుకుంది. వాటిని ఒక ముంగిస పట్టపగలే వరసగా ఎత్తుకుపోయింది. చివరికి ఒక్క చుక్కలపెట్ట మిగిలింది. అది గుడ్ల మీద కూర్చుంది.

"ఇంక చాల్లే తాయారూ. దాన్నీ గుడ్లనీ మీ అక్కకిచ్చెయ్" అన్నాడు భర్త భద్రయ్య.

"నేనివ్వనండి. నన్ను నమ్ముకుని కూర్చుందది" అంది తాయారు. ఆ మాట అనేసి రిక్షాబండి మాట్లాడుకుని కొట్టుకు వచ్చింది. నన్ను అటూ ఇటూ ఊపి, చెవి ఆనించి, వేళ్ళతో తట్టి చూసి బండెక్కించింది.

కోళ్ళగూడు కట్టడానికి నాతో పాటు ఆ పెరట్లోకి ఇంకా చాలా సరుకు చేరింది. పడగొట్టిన ఇంటి కిటికీ ఊచలు, ఎవరో పారేసిన పెంకులు, చేపల చెరువు దగ్గర పనికిరాని వల. అన్నీ ఉన్నాయి, అడుగున వేయడానికి గట్టి చెక్క మాత్రం లేదు. నేల మీద పెడితే ముంగిస తవ్వుకుని వస్తుంది.

భద్రయ్య అంతసేపూ అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. ఆయన దర్జీ. చూపు మందగించి కొట్టు మూసేశాక, బట్టలు కత్తిరించే బల్లను ఇంటికి తెచ్చి వసారాలో పెట్టుకున్నాడు. దాని మీద ఎవరినీ చెంబు కూడా పెట్టనివ్వడు. ఆ వేళ లేచి వెళ్ళి, బల్ల మీది దుమ్ము తువ్వాలుతో తుడిచి, పెరట్లోకి ఈడ్చుకొచ్చాడు.

"అదేంటండీ! అది మీ బల్ల కదా" అంది తాయారు.

"వసారాలో అదేం చేస్తోంది? నాలాగే కూర్చుంది" అన్నాడాయన. రంపం తీసుకుని బల్ల కాళ్ళు మోకాలెత్తుకు తనే కోశాడు. తాయారు రెండో వైపు పట్టుకుంది. మొహం మాత్రం పక్కకు తిప్పుకుంది.

బల్ల మీద ఊచలతో, వలతో గోడలు కట్టి పైన పెంకులు కప్పారు. నిలువుగా బతికిన నన్ను గూటి ముందు అడ్డంగా పడుకోబెట్టి, పై అంచుకు బందులు వేశారు. పని అయిందని మురిసిపోతూ తాయారు నన్ను పైకెత్తి, పెట్టను లోపల పెట్టబోయి చెయ్యి వదిలేసింది. నేను ఠంగుమని ఆవిడ నెత్తిన పడ్డాను.

"అమ్మో! ఇదేం తలుపండీ బాబూ!"

భద్రయ్య పకపకా నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్ళయిందో, తాయారు నెత్తి రుద్దుకోవడం మాని ఆయన్నే చూసింది. "కుట్టు విప్పేసి మళ్ళీ కుడదాం" అన్నాడాయన. ఈసారి బందులు కింది అంచుకు వేశాడు. ఇప్పుడు నన్ను తెరిస్తే నేల మీదికి వాలి ఏటవాలు మెట్టునవుతాను. ఎక్కడా సందు లేకుండా వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. ఒక మూల రేకు ఎడంగా ఉంటే రెక్సిన్ గుడ్డ మడిచి, లావుపాటి సూదితో వలకు కలిపి కుట్టేశాడు. చూపు ఆనకపోయినా ఆ వేళ్ళు పని మరిచిపోలేదు.

ముంగిస మధ్యాహ్నం వచ్చింది. ఇంట్లో ఇద్దరూ కునుకు తీస్తున్నారు. అది బల్ల కాలు పట్టుకుని పాకి నా మీద గోళ్ళు వేసింది. ఊచల మధ్య మూతి పెట్టింది, పట్టలేదు. ఆ రెక్సిన్ మూలకు వెళ్ళి పళ్ళతో లాగింది. లోపల పెట్ట రెక్కలు విప్పి గోల చేసింది గానీ గుడ్ల మీంచి లేవలేదు. కుట్టు ఒక్క పోగు తెగింది. రెండోది తెగలేదు.

తాయారు జుట్టు ముడి ఊడిపోతుండగా పరిగెత్తుకొచ్చింది. "దిగు! దిగు కిందికి! ఎవడెక్కమన్నాడు నిన్ను!" అని బస్సంతా వినిపించే గొంతుతో అరిచింది. ముంగిస సంగతి అటుంచి, పక్కింటివాళ్ళు కూడా అరుగు దిగారు. అది కంచె దూకి మాయమైంది. భద్రయ్య వచ్చి మూల తడిమి, తెగిన పోగు వేలికి తగలగానే సూది కోసం లోపలికి నడిచాడు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం లోపల కిచకిచలు మొదలయ్యాయి. నన్ను మెల్లగా కిందికి వాల్చారు. పెట్ట ముందు దిగింది. పిల్లలు దూదిపింజల్లా ఒకదాని వెనక ఒకటి నా మీద జారుతూ దొర్లుతూ నేల చేరాయి. ఒక్కటి మాత్రం పైనే నిలబడి ఏడుస్తోంది. భద్రయ్య నేల మీద చతికిలబడి, నా అంచున అరచెయ్యి పరిచాడు.

"కనబడుతోందా మీకు?" అంది తాయారు పక్కన కూర్చుంటూ.

"పసుపుగా ఏదో కదుల్తోంది. ఉండు, మాట్లాడకు. బెదురుద్ది."

అది ఒక అడుగు ముందుకు వేసింది, వెనక్కి తగ్గింది. ఇంట్లోంచి అన్నం మాడుతున్న వాసన వచ్చింది. ఇద్దరికీ తెలిసింది. ఇద్దరూ లేవలేదు.